రౌటరు లేచేదాకా

మూత స్క్రూలన్నీ అరచేతిలో ఉన్నాయి, ఒక్కటి తప్ప. అదెక్కడ దొర్లిపోయిందో వంగి వెతికే ఓపిక నాకు లేదు. అది కూడా ఏ మూలో కాసేపు పడుకుందామనుకుని ఉంటుంది, పడుకోనీ. మణికట్టుకి చుట్టుకున్న పట్టీ తీగని ఇనుప చట్రానికి తగిలించాను. ఒంట్లో ఉన్న కరెంటు చిప్పులకి తగలకుండా భూమిలోకి పోవడానికట ఈ పట్టీ. ఈ వయసులో నా ఒంట్లో ఇంకా కరెంటు మిగిలుందని నమ్మేవాళ్ళు ఈ పట్టీ తయారుచేసినవాళ్ళొక్కరే. రౌటరు నా ముందు బల్ల మీద మూత లేకుండా పడి ఉంది. ఫ్యాన్లు ఆగిపోయాయి. రోజూ దీని రొద భరించలేక విసుక్కునేదాన్ని, ఇప్పుడు ఆ రొద లేక చెవులు వెలితిగా ఉన్నాయి. లోపల దుమ్ము దట్టంగా పేరుకుంది. నోటితో ఊదకూడదు, తడి తగులుతుంది, మెత్తటి బ్రష్షుతో తుడవాలి. తుడుస్తున్నాను, తుడుస్తుంటే నిద్ర ముంచుకొస్తోంది, పొద్దున ఆయన్ని ఆసుపత్రికి పంపే హడావుడిలో కాఫీ కూడా సగమే తాగాను.

ఈ భవనంలో ఏ అంతస్తు నుంచి ఏ అంతస్తుకి కబురు వెళ్ళాలన్నా, బయటి నుంచి లోపలికి రావాలన్నా దీని మీదుగానే వెళ్ళాలి. ఎవరి కబురుని ఏ దారిన పంపాలో ఆ దారులన్నీ ఇది తన మెమరీలో పెట్టుకుంటుంది. కొత్త విభాగాలు వచ్చాయి, పక్క వీధిలో ఇంకో శాఖ తెరిచారు, దారులు పెరిగాయి, మెమరీ మాత్రం కొన్ననాటిదే. నిండిపోయినప్పుడల్లా ఎవరితోనూ ఏమీ అనకుండా ఆగిపోతుంది, మళ్ళీ తనంతట తనే మొదలవుతుంది. పాడైపోయింది, పారేసి కొత్తది కొందాం అన్నారు పైవాళ్ళు. పాడవలేదండీ, మోయలేకపోతోంది, ఇంకాస్త మెమరీ వేస్తే చాలు అన్నాను. అలా అన్న పాపానికి ఆ పని నా నెత్తినే పడింది. మా మేనేజరు గారు ఏ పని చెప్పినా "ఎంతమ్మా, అరగంట పని" అంటారు. మేమందరం ఆయన్ని అరగంట గారు అనే పిలుచుకుంటాం, ఆయన లేనప్పుడు. భవనమంతా భోజనాలకి లేచే వేళ చూసుకుని ఆపమన్నారు, ఆ అరగంటలో ముగించమని చెప్పి తను కూడా భోజనానికి వెళ్ళిపోయారు. నా భోజనం ఊసు ఆయన గానీ నేను గానీ ఎత్తలేదు.

పాత మెమరీ ముక్కలు రెండు. రెండు పక్కలా ఉన్న తెల్లటి పిడులు నొక్కితే అవే లేస్తాయి. లేచాయి. చిటికెన వేలంత మందం లేని ఈ పచ్చ రేకుల మీదే ఇన్నాళ్ళూ ఇంతమంది అరుపులూ కేకలూ నడిచాయా అనిపించింది. కొత్తవి కవరు చించి తీశాను. పెట్టేముందు గాడి దగ్గర బంగారు రంగు పళ్ళని రబ్బరుతో ఒకసారి మెల్లగా రుద్దడం నాకు అలవాటు, ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు, మా పనివాళ్ళందరం చేస్తాం. నా సంచీలో ఉన్న రబ్బరు మా అబ్బాయి బడికెళ్ళే రోజుల నాటిది, ఓ మూల కొరికిన గాట్లు ఇంకా ఉన్నాయి. లెక్క తప్పితే వాడు రబ్బరు కొరికేవాడు, తుడిపేవాడు కాదు. వాళ్ళ నాన్న పక్కన నిలబడితే మరీ కొరికేవాడు. ఆ పెద్దమనిషికి ఊరికే నిలబడటం రాదు, నిలబడితే చూడకుండా ఉండటం రాదు, చూస్తే చెప్పకుండా ఉండటం రాదు. డ్రైవింగ్ నేర్పే మాస్టారు మరి, పక్క సీట్లో కూర్చుని ఎదుటివాడి తప్పు పట్టుకోవడమే జీవనం. పాపం, మనసులో ఏమీ ఉండదు. నోట్లోనే అంతా ఉంటుంది.

ఎడమ వైపు ముక్క గాడిలో నొక్కితే టక్కుమంది. కుడి వైపు కూడా అన్నట్టే అనిపించింది. మూత పెట్టకుండానే తీగలు తగిలించి, ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుని, స్విచ్చి మీద వేలు పెట్టాను. అప్పుడు గుర్తొచ్చింది. రౌటరుని ఆపేముందు గుర్తు రావాల్సింది, లేపేముందు గుర్తొచ్చింది.

మా పనిలో మొట్టమొదట నేర్పేది ఒక్కటే. ఆపేముందు అందరికీ చెప్పు. దీని మీద ఆధారపడ్డ ప్రతివాడికీ చెప్పు, ఎప్పుడు ఆపుతున్నావో, ఎప్పుడు లేపుతావో, ఈ లోపల అవసరమైతే ఏం చేయాలో. చెప్పకుండా ఆపితే అది మరమ్మతు కాదు, ప్రమాదం. నేను నిన్నే అందరికీ మెయిలు పెట్టాను, ఈ రోజు పొద్దున అంతస్తు అంతస్తుకీ ఫోను చేసి చెప్పాను, లిఫ్టులో కాగితం అతికించాను, సెట్టింగులన్నీ రెండు చోట్ల భద్రం చేశాను. కట్టుకున్నవాడికీ కన్నవాడికీ మాత్రం చెప్పలేదు.

ఈ గది నేల కింద ఉంది. మామూలు సిగ్నలు ఇక్కడికి దిగదు, ఫోను పనిచేసేది ఆఫీసు వైఫై మీదే, ఆ వైఫై ఈ రౌటరు మీదే. బల్ల మీది ఫోను కూడా దీని మీదే. కిందికి దిగుతుంటే ఆయన ఫోను చేశారు. "కట్టు కట్టేశారు. ఇంకాసేపట్లో పంపించేస్తారట. వాడొస్తాడో రాడో కనుక్కుని చెప్పు. రాకపోతే నా ఏర్పాటు నేను చూసుకుంటానని చెప్పు వాడికి." ఆ వెంటనే అబ్బాయి మెసేజి. "ఆయన్ని ఎన్నింటికి వదులుతారు? కనుక్కుని చెప్పమ్మా." ఒక్క నిమిషం ఆగి ఇద్దరికీ చెబుదామనుకున్నాను. ఆ ఒక్క నిమిషంలో అరగంట గారు మెట్ల మీద ఎదురై, ఇంకా మొదలుపెట్టలేదా అమ్మా అన్నారు. ఆయన దగ్గర ఒక కబురు, వాడి దగ్గర ఒక కబురు, రెండూ నా దగ్గర ఆగిపోయాయి. నేను వచ్చి స్విచ్చి నొక్కేశాను.

నా ఏర్పాటు అంటే ఏమిటో నాకు తెలుసు. కన్ను ఆపరేషనుకి ఎవరైనా తోడు తీసుకుని ట్యాక్సీలో వెళతారు. ఈయన పొద్దున శిష్యులకి నేర్పే తన కారుని తనే నడుపుకుంటూ వెళ్ళి ఆసుపత్రి ముందు పెట్టుకున్నారు. నేను వస్తానంటే నీ ఆఫీసు పని పాడవుతుందన్నారు, వాణ్ణి పిలుద్దామంటే గోడవైపు చూశారు. తిరిగొచ్చేటప్పుడు నడపకూడదని డాక్టరు నాలుగుసార్లు చెప్పి ఉంటుంది. ఒంటికన్నుతో కూడా నడపగలనని ఎవరైనా పందెం కాస్తే బాగుండునని ఎదురుచూసే మనిషి ఆయన. ఎవరూ రాలేదనుకుంటే, ఫోను చేస్తే నేనెత్తకపోతే, కాసేపు అటూ ఇటూ చూసి తాళంచెవి తీస్తారు. నేను స్విచ్చి నొక్కాను. ఇక చేయగలిగింది దీన్ని తొందరగా లేపడమొక్కటే.

తెర మీద తెల్లటి అక్షరాలు పాకుతున్నాయి. ముందు తనని తాను తడిమి చూసుకుంటుంది, ఏమేం ఉన్నాయో లెక్కపెట్టుకుంటుంది. ఇదీ అంతే, నిద్ర లేవగానే నేనూ అంతే, కాళ్ళున్నాయా, నడుముందా, వాడు ఇంట్లో ఉన్నాడా, ఈయన లేచారా, ఎవరి కబురు ఎవరికి బాకీ. మూడేళ్ళయింది వాళ్ళిద్దరూ మాట్లాడుకుని. ఒకే ఇల్లు, ఒకే వంటిల్లు, ఒకే బాత్రూము. "వాడికి చెప్పు, గీజరు ఆపమని." "ఆయనకి చెప్పు, ఆపే ఉందని." గదికీ గదికీ మధ్య గడపలో నిలబడి అటు తిరిగి ఒకటి, ఇటు తిరిగి ఒకటి. నువ్వు మా ఇంటి రౌటర్‌వి అమ్మా అని ఒకసారి వాడే నవ్వాడు. నేనూ నవ్వాను. తర్వాత గిన్నెలు తోముతుంటే ఎందుకో ఏడుపొచ్చింది. రౌటరు నయం, వచ్చింది వచ్చినట్టు పంపిస్తుంది, విప్పి చూడదు. నేను ప్రతిదీ విప్పి, అందులో ముళ్ళు ఏరి, మళ్ళీ కట్టి పంపాలి. ఆయన "ఆ గాడిదని రాత్రి తొందరగా తగలడమను" అంటే, నేను వాడి దగ్గరికెళ్ళి "నాన్న నీ కోసం చూస్తుంటారు, తొందరగా రారా" అనాలి. వాడు "ఆయనకేం పని" అంటే, నేను ఇటొచ్చి "వస్తాడట" అనాలి. రోజుకి ఎన్నని.

లెక్క పూర్తయింది. తెర మీద వచ్చిన సంఖ్య చూసి నా ప్రాణం ఉసూరుమంది. సగమే. రెండు ముక్కలు పెడితే ఒక్కదాన్నే చూసింది. కుడి వైపు టక్కుమన్నట్టు అనిపించింది అంతే, అనలేదు. అనిపించడంతో బతకకూడదు ఈ పనిలో. సగంతో లేపేసి వెళ్ళిపోవచ్చు, పాతదానికంటే సగమైనా ఎక్కువే, కానీ నెల తిరగకుండానే మళ్ళీ నిండిపోయి ఆగుతుంది, అప్పుడు మళ్ళీ నేనే. మళ్ళీ ఆపాలి, మళ్ళీ తీయాలి, మళ్ళీ పెట్టాలి, మళ్ళీ మొదటినుంచి ఎదురుచూడాలి. ఆపాను. లేచి తలుపు దగ్గరికెళ్ళాను. పైకి రెండు మలుపుల మెట్లు, పైన సిగ్నలు, ఒక్క ఫోను. గొళ్ళెం మీద చెయ్యి వేశాక గుర్తొచ్చింది, ఈ తలుపు బయటికి వెళ్ళేటప్పుడు ఊరికే తెరుచుకుంటుంది, లోపలికి రావాలంటే కార్డు చూపించాలి, ఆ కార్డుని గుర్తుపట్టేది కూడా ఈ రౌటరు వెనకనున్న కంప్యూటరే. వెళితే తిరిగి రాలేను. మామూలు తాళంచెవి అరగంట గారి సొరుగులో ఉంటుంది, ఆ సొరుగు తాళంచెవి ఆయన జేబులో, ఆ జేబు ఇప్పుడు ఏ హోటల్లో చేతులు కడుక్కుంటోందో. తలుపుకి ఏదైనా అడ్డం పెడదామా అని చూశాను. అడ్డం పెడితే గంట మోగుతుంది, కాపలా అతను పరుగెత్తుకొస్తాడు, అతనికి చెప్పేలోపల రౌటరు ఇంకాస్త ఆలస్యం. వెనక్కొచ్చి కూర్చున్నాను. పట్టీ మళ్ళీ తగిలించుకున్నాను.

అసలా గొడవ ఎంత చిన్నదని. నేర్పే కారులో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాడు తడబడితే మాస్టారు నొక్కడానికి. వేలమందికి నేర్పిన కాలు అది, దానికి నిద్ర లేదు. టీవీలో కారు మలుపు తిరిగినా కుర్చీ కింద నేలని నొక్కుతుంది. బస్సులో నా పక్కన కూర్చుంటే నా చెప్పు తొక్కేస్తుంది. కొడుక్కి నేర్పేటప్పుడు మరీ. వాడు వేద్దామనుకునేలోపల ఈయన వేసేసేవారు. నేను నడుపుతున్నానా మీరు నడుపుతున్నారా అని వాడు, నువ్వు నడిపితే నాకెందుకీ బాధ అని ఈయన. ఒక రోజు నాలుగు రోడ్ల మధ్య ఈయన కాలు పడింది, బండి ఆగింది, వెనక హారన్లు, కిటికీల్లోంచి తిట్లు. వాడు తలుపు తెరిచి దిగి, తలుపు వేయకుండా నడిచి వెళ్ళిపోయాడు. కోపం వస్తే వస్తుంది, పోతుంది, అనుకున్నాను. వాడు పోయి పోయి ఎదురు వీధిలో ఇంకో మాస్టారు దగ్గర చేరాడు. ఈయన తన శిష్యులతో సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే, పక్కనే ఆ పోటీ బండి వచ్చి ఆగిందట, స్టీరింగ్ ముందు మన వాడు. శిష్యులందరూ చూశారు. ఈయన ఇంటికొచ్చి తాళంచెవులు మేకుకి తగిలించి, మంచినీళ్ళు కూడా తాగకుండా అన్నారు, "వాడికి చెప్పు, నా కారు ముట్టుకోవద్దని." అదే మొదటి కబురు. నేను చెప్పాను. అక్కడే చెప్పకుండా ఉండాల్సింది. మీరే చెప్పుకోండి అని వంటగదిలోకి పోవాల్సింది. నేను అంత శ్రద్ధగా మోయకపోతే ఎప్పుడో తన్నుకునైనా మాట్లాడుకునేవాళ్ళు. ఇప్పుడు వాడు సరుకుల వ్యాను నడుపుతాడు, ఊరంతా తిరుగుతాడు, ఒక్క గీత పడనివ్వడు. ఈయన ఒక్కసారి కూడా అందులో ఎక్కలేదు. రాత్రి వాడు వ్యాను ఆపే చప్పుడు వింటే మాత్రం, ఎంత మెత్తగా ఆపాడో చూశావా అన్నట్టు నా వైపు చూస్తారు. ఆ చూపుని కబురుగా మోయమని ఎవరూ అడగలేదు, నేనూ మోయలేదు.

కుడి ముక్క తీసి మళ్ళీ రబ్బరుతో రుద్దాను. రెండు బొటనవేళ్ళతో, రెండు చివర్లా, ఒకే బరువుతో నొక్కాను. టక్. టక్. ఈసారి చెవులతో విన్నాను. స్విచ్చి నొక్కాను. ఫ్యాన్లు ఒక్కసారి గట్టిగా అరిచి సర్దుకున్నాయి. అక్షరాలు మళ్ళీ మొదటినుంచి. ఆసుపత్రి మెట్ల మీద ఆయన, తెల్లటి కట్టు, చేతిలో మందుల కవరు, తెరుచుకుని ఉన్న కన్నుతో రోడ్డు చూస్తూ. ఇంటి దగ్గర వాడు, వ్యాను పక్కన, ఫోను చేతిలో పట్టుకుని, అమ్మ ఇంకా చెప్పలేదు అనుకుంటూ. ఇద్దరి దగ్గరా ఫోనులున్నాయి. ఇద్దరి మధ్యా ఎక్కడా ఏ తీగా తెగలేదు. లేనిది నేనొక్కదాన్నే. నాకు భయం వేస్తోంది, ఆ భయం కింద ఇంకోటి కూడా ఉంది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కాస్త హాయిగా ఉంది. ఈ కాసేపూ నన్నెవరూ ఏమీ అడగలేరు. ఒకరి మాట ఇంకొకరికి చెప్పమనలేరు. కుర్చీకి తల ఆనించాను. ఆయనకేమైనా అయితే ఈ హాయిని నేను జన్మలో క్షమించుకోలేను. అయినా కళ్ళు మూతలు పడుతున్నాయి.

సంఖ్య వచ్చింది. మొత్తం వచ్చింది, రెండు ముక్కలూ. నేను చప్పట్లు కొట్టలేదు, ఎవరున్నారు వినడానికి. తర్వాత తెర నిండా చుక్కలు, వరసలు వరసలుగా, దాని ప్రోగ్రాము విప్పుకుంటోందన్నమాట. ఈ చుక్కల్ని తొందరపెట్టడం ఎవరి తరమూ కాదు. ఆ తర్వాత దారులు ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంటుంది, ఎవరెవరు ఎటు ఉన్నారో పక్క రౌటర్లని అడిగి తెలుసుకుంటుంది. ఒక దీపం పచ్చబడింది. ఇంకొకటి. మూడో అంతస్తు వచ్చింది. పక్క వీధి శాఖ వచ్చింది. తలుపు దగ్గర కార్డు పెట్టె కూడా చిన్నగా కూసింది, ఇప్పుడెందుకమ్మా నువ్వు. నా ఫోను వణికింది. ఆఫీసు మెసేజిలు వర్షంలా పడుతున్నాయి, అయిందా, ఇంకా ఎంతసేపు, మాది రావడం లేదు. వాటి మధ్య ఆయన దగ్గరనుంచి ఏమైనా ఉందేమోనని వేలితో పైకి తోస్తూ వెతికాను. ఏమీ లేదు. అబ్బాయి దగ్గరనుంచి కూడా లేదు. రోజుకి ఇరవై కబుర్లు పంపే ఇద్దరు మనుషులు, ఒక్కటి కూడా లేదు.

మెట్లెక్కి పైకొచ్చి, గోడకి ఆనుకుని, ఆయనకి ఫోను చేశాను. మోగి మోగి, ఇంక ఎత్తరనుకున్నప్పుడు ఎత్తారు. వెనక రోడ్డు చప్పుడు, హారన్లు.

"ఎక్కడున్నారు?"

"కార్లో."

మెట్టు మీద కూర్చుని రెండో చెవి మూసుకున్నాను. "ఎవరు నడుపుతున్నారు?"

వెనక ఏదో బస్సు హారను కొట్టుకుంటూ పోయింది.

"వాడు."

ఆయనే అన్నారు, విసుగ్గా. "నువ్వెత్తలేదు. రెండుసార్లు చేశాను. ఇంకేం చేయను, వాడికే చేశాను. కట్టు కట్టారు, రమ్మన్నాను. వచ్చాడు."

"వాడి నంబరుందా మీ దగ్గర?"

"ఉంది."

"ఎప్పటినుంచి?"

"ఉందిలే." గొంతు మార్చేశారు. "అది సరే గానీ, ముందు కూడలి దగ్గర రోడ్డు తవ్వేశారు, ఎడమకి తిప్పమని చెప్పు వాడికి."

మూడేళ్ళ అలవాటు నా నాలుక మీద సిద్ధంగా ఉంది. మింగేశాను. "నాకిక్కడ పనుందండీ. మీరే చెప్పండి."

పెట్టేశారేమో అనుకున్నాను. అప్పుడు ఫోనుకి కాస్త దూరంగా, నాకు కాకుండా, ఆయన గొంతు. "ఎడమకి."

"తవ్వారని తెలుసు నాన్నా. ఇందాక నేనొచ్చిన దారే."

నాన్నా అన్నాడు. ఇంట్లో మూడేళ్ళుగా ఆయన, ఆయన, ఆయన. నేను మెట్టు మీద అలాగే కూర్చున్నాను. అరగంట గారు పళ్ళు కుట్టుకుంటూ ఎదురుగా వచ్చి, అయిపోయిందా అమ్మా, చెప్పానుగా అరగంట పనని, అన్నారు. చేత్తో ఆగమన్నాను. నా భయం ఇంకా పూర్తిగా పోలేదు. కార్లో ఇద్దరూ ఉన్నారు, పక్క సీట్లో ఈయన, ఆ సీటు కింద ఆ రెండో బ్రేకు.

"ఏవండీ, మీ కాళ్ళెక్కడున్నాయి?"

"ఎక్కడుంటాయి."

"నిజం చెప్పండి."

గొంతు బాగా తగ్గించి, వాడికి వినపడకుండా చెప్పారు. "సీటు మీదికి తీసేసుకున్నానులే. మఠం వేసుక్కూర్చున్నా."